కాసు బంగారం లక్కీ డ్రా

మా కెజియ గుండెలో చిల్లుందనీ, వేసవి దాటకుండా హైదరాబాదులో ఆపరేషను చేయించాలనీ కాకినాడ డాక్టరుగారు చెప్పేసరికి దానికి మూడేళ్లు. మా ఆయన ఫిలిప్ రాజోలులో అద్దె ఆటో నడుపుతారు. మావల్ల అయ్యే పని కాదు.

మా గుడిలో, అంటే చర్చిలో, స్త్రీల సమాజానికి పెద్ద లీలావతిగారు. ఆవిడే దారి చూపించారు. టిక్కెట్లు అమ్మి లక్కీ డ్రా తీద్దాం, బహుమతి కాసు బంగారం, మిగిలిందంతా పిల్లకి అన్నారు. కోతపండక్కి అరటిగెలలూ కోళ్లూ గుడిలోనే వేలం వేసుకునేవాళ్లం, ఇందులో తప్పుంటుందని ఎవరికీ తోచలేదు. టిక్కెట్లు ఇట్టే అయిపోయాయి. కొన్నవాళ్లందరూ కెజియ తల నిమిరి వెళ్లేవారు. ఇంతమందికి కావలసిన పిల్లకి ఇంకేమవుతుందిలే అనుకున్నాను.

డ్రా ఇంకా తియ్యకుండానే ఎస్సైగారు కబురు పెట్టారు. పిల్లనెత్తుకుని లీలావతిగారి వెంట స్టేషనుకి వెళ్లాను.

"టిక్కెట్లమ్మి బంగారం పెడితే లాటరీ కిందికొస్తుందమ్మా. ఎంత మంచి పనికైనా కుదరదు," అన్నారాయన.

"గుడిలో తీసేది లాటరీ ఎందుకవుద్దండీ? రేపు మా గెల వేలం కూడా ఆపేస్తారేంటండి?" అన్నారు లీలావతిగారు.

"వేలం పాడినోళ్లకి గెల దక్కుతుంది కదమ్మా. ఇక్కడ అందరూ కొంటారు, బంగారం ఒక్కరికే పోతుంది. బహుమతి తీసేసి చందా అనండి, నేనడ్డు రాను. వాళ్లు కొన్నది పిల్ల కోసమేగా?"

"ఆయ్, పిల్ల కోసమేనండి," అన్నాను నేనే ముందుగా.

దారిలో నాకు సంతోషంగానే ఉంది. బంగారం కొనక్కర్లేదు, అది కూడా కెజియకే కలుస్తుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్ద సాలమోనుగారు లేచి, డ్రా లేదనీ, కావలసినవాళ్లు టిక్కెట్టు ఇచ్చి డబ్బు తీసుకోవచ్చనీ, వదిలేసింది పిల్ల వైద్యానికనీ చెప్పారు. లీలావతిగారూ నేనూ డబ్బు పెట్టె దగ్గర కూర్చున్నాం.

మొదట లేచింది మా బుజ్జమ్మత్త.

"ఏవనుకోకే అమ్మాయ్. చెవులకి దుద్దులైనా చేయించుకుందావని కొన్నాను గానీ..."

ఆవిడ వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు.

"బంగారం నాకే వచ్చేది, తెలుసాండీ! ఆ ఎస్సైగారు నా నోట్లో మట్టి కొట్టేరు!" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. లీలావతిగారు మాత్రం తలెత్తలేదు. టిక్కెట్టు చింపేసి, "మాకొద్దులేండి," అని వెళ్లినవాళ్లు లేకపోలేదు. వాళ్లు కొద్దిమంది. మిగిలినవాళ్లు డబ్బు తీసుకుని, మునుపటిలాగే కెజియ తల నిమిరి వెళ్తున్నారు.

అది ఇదంతా ఆటనుకుంది. వరసలో ఉన్నవాళ్ల చేతుల్లోంచి టిక్కెట్లు లాక్కుని, పరిగెత్తుకొచ్చి నా ఒళ్లో పోస్తోంది.

"పరిగెత్తకే తల్లీ, ఆయాసం వస్తుంది," అన్నాను.

పెదాలు అప్పటికే నీలంగా అయిపోతున్నాయి. వరస గుమ్మం దాటి మెట్ల మీదిదాకా ఉంది.