ఉప్పురాణి అయిపోయాక

గులాబిరంగు మైనం మంట మీద మెత్తబడుతోంది.

ముందు అంచులు చెమర్చాయి. తర్వాత ఒళ్ళంతా వంగింది. అప్పుడే ఆర్పిన కొవ్వొత్తి వాసన, తేనెపట్టు కాలిన వాసన — రెండూ కలిసి గదినిండా పరుచుకున్నాయి.

బల్ల మీద ఫోను మాట్లాడుతోంది.

యువరాజు కొండ దిగుతున్నాడట. గుర్రం నురగలు కక్కుతోందట. వాడి కత్తి నీలంగా వెలుగుతోందట. ఆకాశంలో డ్రాగన్ రెక్క చాచిందట...

చాచనీ, అనుకుంది చెల్లెలు. చాచి చాచి ఊడిపడనీ.

మైనాన్ని ప్లాస్టర్ దవడ మీద పరిచి బొటనవేలితో అదిమింది. ఆ దవడ ఎవరిదో ఆమెకు తెలీదు. పళ్ళడాక్టరు పంపిన అచ్చులో ప్లాస్టర్ పోస్తే వచ్చిన దవడ. దాని మీద మైనంతో చిగుళ్ళు కట్టాలి. చిగుళ్ళలో పళ్ళు ఒక్కొక్కటే నిలబెట్టాలి. అక్కాచెల్లెళ్ళిద్దరిదీ అదే పని. ఇంటి ముందుగదిలో, ఎదురెదురు బల్లల దగ్గర కూర్చుని కట్టుడు పళ్ళు చేస్తారు. ఊళ్ళో సగం నవ్వులు మా ఇంట్లోంచి వెళ్ళినవే అని వాళ్ళమ్మ గొప్పలు పోయేది.

ఇప్పుడా గదిలో ఎవరూ నవ్వరు.

యువరాజు మాత్రం నవ్వుతాడు. పలువరస తళుక్కుమనేలా నవ్వుతాడు.

అక్కడే ఆమెకు ఒళ్ళు మండేది.

ఇన్ని సంపుటాల కథ. ఇన్ని యుద్ధాలు. గదలతో మూతుల మీద కొట్టుకున్నారు. గుర్రాల మీదినుంచి బోర్లా పడ్డారు. ఏళ్ళతరబడి చెరసాలల్లో ఎండిన రొట్టె కొరుక్కుని బతికారు. ఒక్కడికీ ఒక్క పన్నూ కదల్లేదు. ఒక్కడికీ పుప్పిపన్ను లేదు. ఒక్క రాజూ రాత్రంతా దవడ పట్టుకుని ఏడ్చిన పాపాన పోలేదు. ఈ రాసిన మహానుభావుడు మనిషి నోరనేది ఎప్పుడైనా చూశాడా... పోనీ, అద్దంలో తన నోరైనా?

చదివేవాడు ఇంకో ఘనుడు. మగాళ్ళందరికీ నూతిలోంచి వచ్చే గొంతు. ఆడవాళ్ళందరికీ జలుబు చేసిన గొంతు. డ్రాగన్‌కి గురక.

యువరాజుకి ఆమె మట్టిబుర్ర అని పేరు పెట్టింది. కత్తి దొరికిందాకా గొర్రెలు కాశాడు. కత్తి దొరికాక మనుషుల్ని కాస్తున్నాడు. వాడికి తేడా తెలియలేదు. వెనక నడిచినవాళ్ళకీ తెలియలేదు.

చిన్నప్పుడు అమ్మ ఆమెని ఆకురాయి అనేది. ఇనుమునైనా అరగదీసే ఆకురాయి. చేతిపని చూసి పెట్టిన పేరు కాదది, నాలుక చూసి పెట్టింది.

*

అమ్మ పోయినప్పుడు మొదలైంది ఇదంతా.

ఆస్పత్రిలో అమ్మ పళ్ళసెట్టు తీసెయ్యమంది నర్సు. అక్క తీసి నీళ్ళగ్లాసులో వేసింది. కిటికీలో పెట్టింది. తెల్లారేసరికి అమ్మ లేదు. కాగితాల కోసం ఒకరు, బండి కోసం ఒకరు, ఏడవడానికి ఒకరు. ఆ తొక్కిడిలో గ్లాసు కిటికీలోనే ఉండిపోయింది.

వేరే ఊళ్ళో ఉన్న చెల్లెలు పరుగున వచ్చింది. వచ్చి చూస్తే అక్కడ అమ్మ లేదు. బుగ్గలు లోపలికి పోయి, పెదవులు మడతపడి, ఎవరో ముసలావిడ.

ఆ సెట్టు ఆమె తన చేత్తో చేసింది. అమ్మకి పడుచుతనంలో పక్కపన్ను కాస్త వంకరగా ఉండేది. ఆ వంకరతో సహా చేసింది. అమ్మ పెట్టుకుని అద్దంలో చూసుకుని, నా మొహం నాకిచ్చావే, అని మురిసిపోయింది.

ఆ మొహం కిటికీలో ఉండిపోయింది.

పళ్ళు చేసే ఇంట్లోంచి అమ్మ బోసినోటితో వెళ్ళిపోయింది. చూడవచ్చినవాళ్ళందరూ చూశారు. 

చెల్లెలు అరవలేదు. నిలదీయలేదు. ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడంలో ఉన్నంత పదును అనడంలో లేదని ఆకురాయికి బాగా తెలుసు.

అమ్మ బల్ల ఖాళీగా ఉంటే పని ఆగిపోతుంది. అందుకని చెల్లెలు వచ్చి ఆ బల్ల దగ్గర కూర్చుంది. అంతే. మైనం కరిగించే దీపాలు రెండు. రెండు వంచిన తలలు. మధ్యలో దవడలు — పైవీ కిందవీ, బల్లంతా నోళ్ళే, ఒక్కటీ మాట్లాడదు.

ఆ నిశ్శబ్దాన్ని అక్క భరించలేకపోయింది. ఎవరో ఒకరు మాట్లాడుతుండాలి కదా. ఫోనులో పొడుగాటి కథ కోసం వెతికింది. అందులో ఉన్నవాటిలోకల్లా పొడుగైనదాన్ని పట్టుకుంది. కథ బాగుందా బాగాలేదా అని చూడలేదు. తొందరగా అయిపోకూడదు, అంతే.

అక్క తెలివి ఎప్పుడూ అంతే, అనుకుంది చెల్లెలు. కొలత చూస్తుంది. సరుకు చూడదు.

*

కథలో ఉప్పురాణి వచ్చింది.

ఉప్పు సముద్రం ఒడ్డున ఆమె కోట. శత్రువులు మీద పడ్డ రోజున కోటతలుపు వేయించింది. తలుపు పడ్డాక గాని తెలియలేదు... తల్లి బయట మంచులో ఉండిపోయిందని.

చెల్లెలి చేతిలో మైనం గరిట ఆగింది. నెలల తర్వాత మొదటిసారి నోరు విప్పింది. ఫోనుకేసి చూస్తూ అంది — తల్లిని బయటపెట్టి తలుపేసుకున్నదానికి కిరీటం ఒకటి, తల ఉందని కాబోలు.



అక్క కూడా ఫోనుకే జవాబు చెప్పింది. ఆ గందరగోళంలో దానికేం కనపడుతుంది పాపం, అంది.

అప్పటినుంచి అదే దారి.

మొహాలు చూసుకోరు. ఫోనుకి చెప్పుకుంటారు. అక్కని అనడానికి చెల్లెలికి ఉప్పురాణి దొరికినట్టే, చెల్లెల్ని అనడానికి అక్కకి గుడ్లగూబ మాంత్రికుడు దొరికాడు. వాడు గోపురం మీద కూర్చుంటాడు. యుద్ధంలో చెయ్యి కలపడు. అంతా అయిపోయాక కిందికి దిగి, ఎవరిది తప్పో చెప్తాడు. దూరాన కూర్చున్నవాడికి తీర్పులు చెప్పడం ఎంత సుఖమో, అనేది అక్క పన్ను అరగదీస్తూ.

తిట్లే కాదు. తిండీ తిప్పలూ అదే దారిన నడిచాయి. ఉప్పురాణి ప్లాస్టర్ డబ్బాకి మూత పెడితే ఆవిడ రాజ్యమేం మునిగిపోదు. మాంత్రికుడిగారికి అన్నం చల్లారిపోతోంది, దిగితే బాగుంటుంది. ఉప్పురాణి రాత్రంతా దగ్గింది, ఆ కషాయమేదో తాగి చావొచ్చుగా.

అచ్చులు తెచ్చే డాక్టరుగారి మనిషి గుమ్మంలో నిలబడి విన్నాడు ఓసారి. ఈ రాణిగారు మీకు చుట్టమా, అని అడిగాడు.

దూరపు చుట్టం, అంది చెల్లెలు.

*

ఆఖరి సంపుటం మొదలైంది.

అప్పటికే చెల్లెలి మనసులో ఒక నిర్ణయం ఉంది. ఊరికి అవతలివైపు కట్టుడు పళ్ళు చేసే పెద్ద ల్యాబు పెట్టారు. మెషిన్లు, తెల్లకోట్లు, చల్లటి గదులు. వచ్చి చేరమని కబురు మీద కబురు. ఒక చిన్న పని మిగిలిపోయింది, అది కానివ్వండి, అంటూ వచ్చింది. ఆ చిన్న పని ఈ కథేనని వాళ్ళకి తెలీదు. ఆ మాట అక్కకి తెలిసింది. డాక్టరుగారి మనిషి కడుపులో ఏ మాటా దాగదు.

కథ అయిపోయిన రోజున వెళ్ళిపోతుంది.

అక్క కథని సాగదీయడం మొదలుపెట్టింది. వేగం తగ్గించింది. అసలే నూతిలో గొంతు, ఇప్పుడు మత్తుమందు తాగినట్టు ఈడుస్తోంది. ఎవరో పిలిచారని ఆపేది. వాకిట్లో ఎవరూ ఉండరు. సరిగ్గా వినలేదంటూ వెనక్కి తిప్పేది. మట్టిబుర్ర ఒకే కొండని ఎన్నిసార్లు దిగాడో లెక్కలేదు.

ఎంత చవకబారు ఎత్తు. డ్రాగన్‌ని తోక పట్టుకుని ఆపుతున్నట్టు.

చెల్లెలు పెదవి విరిచింది. విరిచి... ప్లాస్టర్ తెస్తానని లేచింది. డబ్బా నిండుగానే ఉంది. ఫోను తనే ఆపి, మూత తీసి, నిండుగా ఉన్న డబ్బాలోకి చాలాసేపు చూస్తూ నిలబడింది.

తన మీద తనకే అసహ్యం వేసింది. కాస్త.

*

మధ్యాహ్నం ఎండ దవడల మీద పడుతుండగా కథ ఒడ్డుకి వచ్చింది.

యువరాజు కోటలోకి వచ్చాడు. ఉప్పురాణి మోకాళ్ళ మీద ఉంది. వాడు కత్తి ఒరలో పెట్టి — జరిగిందేదో జరిగింది, లే — అన్నాడు. ఆమె లేచింది. జనం జేజేలు కొట్టారు. డ్రాగన్ వచ్చిన దారినే పోయింది.

అయిపోయింది.

ఇంతేనా.

ఒక్క వాక్యం. ఇన్ని సంపుటాలు మోసుకొచ్చిన తప్పు, ఒక్క వాక్యంతో మాఫీ. రాసినవాడికి చెయ్యి నొప్పెట్టి ఉంటుంది. లేదా భోజనానికి పిలిచి ఉంటారు. ఒకరి తల్లి మంచులో గడ్డకట్టి పోయింది. జరిగిందేదో జరిగిందట. చదివేవాడు అదే నూతిగొంతుతో విన్నవాళ్ళకి కృతజ్ఞతలు చెప్పాడు. మీకు ఇవి కూడా నచ్చవచ్చు, అంటూ ఫోను మరో నాలుగు కత్తుల బొమ్మలు చూపించింది.

థూ, అనుకుంది.

ఫోను తెర నల్లబడింది.

చెల్లెలు ఆ నల్లటి తెరకే చెప్పింది, "జరిగిందేదో జరిగిందట. సన్నాసి. వాడి తల్లయితే తెలిసేది. ఆ రాణిని నేనైతే —"

"రాణి లేదే ఇంక."

అక్క ఫోనుతో అనలేదు. తలెత్తి, ఆమె కళ్ళలోకి చూస్తూ అంది.

"అయిపోయింది. తిట్టేదేదో నన్నే తిట్టు. తిట్టి పోదువుగాని."

చెల్లెలు నోరు తెరిచింది.

మాటలకేం కొదవ. ఇన్నాళ్ళుగా నూరిపెట్టుకున్నవే. కిరీటానికి సరిపడా ఉన్నాయి, కోటకి సరిపడా ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి చూసింది. ఏదీ ఈ మొహానికి పట్టడం లేదు. ఈ మొహం మీద ప్లాస్టర్ దుమ్ము ఉంది. కళ్ళద్దాలకి ఒక కాడ విరిగితే దారం కట్టి ఉంది. గరిట పట్టిన వేళ్ళ చివర కాలి, ఆరి, మళ్ళీ కాలిన మచ్చలు. ఇన్నాళ్ళు ఎదురుగా కూర్చుని ఈ మనిషిని చూడనేలేదు.

పెద్ద ల్యాబుకి కబురు చేస్తే చాలు. పని అయిపోయింది, వస్తున్నాను. అంతకన్నా సులువైన మాట లేదు.

"అక్కా..."

ఆ పిలుపు విని ఎంతకాలమైందో, అక్క గరిట కింద పెట్టేసింది. కాచుకుని కూర్చుంది, దెబ్బ తినడానికి వచ్చిన మనిషిలా, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని.



చెల్లెలి చేతిలో మైనం బిగుసుకుపోతోంది. చూస్తోంది గాని చెయ్యి కదపలేకపోతోంది. అక్క బల్ల మీదుగా వంగి, ఆమె ముందున్న దీపం వత్తి కాస్త పైకి లాగింది.

మంట అంది మైనం అంచులు చెమర్చడం మొదలైంది...