మడిచే టాపు, మడవని టాపు

ఓడరేవులో అందరూ అతన్ని గద్ద అనే పిలిచేవారు. ముక్కు వంకరగా ఉండటం వల్ల వచ్చిన పేరు కాదది. పెద్ద క్రేన్ నెత్తిన, నాలుగు వైపులా, కాళ్ళ కింద కూడా అద్దాలే ఉన్న చిన్న గదిలో కూర్చుని, ఓడలోంచి ఇంతేసి ఇనప పెట్టెల్ని పైకి లేపి, కింద ట్రెయిలర్ మీద పువ్వు పెట్టినంత మెత్తగా దించేవాడు. అలా ఏళ్ళ తరబడి చేశాడు. కొంతకాలంగా మాత్రం మోకాళ్ళ నొప్పులని చెప్పి, కింద కంట్రోల్ రూములో పని చూసుకుంటున్నాడు.

గద్దకి పెళ్ళి కాకముందు నుంచీ ఒకటే పిచ్చి. రెండే సీట్లతో, నేలకి పొట్ట ఆనించి పరిగెత్తే స్పోర్ట్స్ కారు. అది ఎప్పటికప్పుడు వాయిదా పడుతూ వచ్చింది. ముందు ఇల్లు, తర్వాత కూతురి చదువు. కూతురికి వేరే ఊళ్ళో ఉద్యోగం దొరికి స్థిరపడ్డాక, భార్యే ఒకరోజు, “ఇంక ఆ కారేదో కొనెయ్యండి. దాని గురించి వినలేక నా చెవులు చిల్లులు పడుతున్నాయి,” అంది. ఆమెకు వీధి మలుపులో రెండు కుర్చీల సెలూన్ ఉంది. ఆ పేటలో ఆడవాళ్ళ జుట్టు సంగతులూ, జుట్టు కత్తిరించుకునేటప్పుడు వాళ్ళు చెప్పే ఇంటి సంగతులూ అన్నీ ఆమెకే తెలుసు.

షోరూములో కారు సిద్ధంగానే ఉంది కానీ, ఒకటి కాదు, రెండు. పక్కపక్కన నిలబెట్టిన కవలల్లా రెండూ ముదురు నీలం రంగువే.

“రెండూ ఒకటేనండీ,” అంది అమ్మకాల అమ్మాయి. “ఇంజనూ అదే, సీట్లూ అవే. దీని టాపు కదలదు. దానికి బటన్ నొక్కితే టాపు మడుచుకుని వెనక్కి వెళ్ళిపోతుంది. ఏది కావాలో మీ ఇష్టం.”

వెంట వచ్చిన బావమరిది వెంటనే అందుకున్నాడు. అతను డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. నోరు తెరిస్తే జోకు, మూస్తే దాని తర్వాతి జోకు కోసం ఆలోచన. “ఇందులో ఇష్టం ఏముందమ్మా? స్పోర్ట్స్ కారుకి టాపు పెట్టించుకోవడమంటే, గొడుగు వేసుకుని స్నానానికి దిగినట్టు! బావా, మడిచేదే తీసుకో.”

“అవును, తెరుచుకునేదే బాగుంటుంది,” అంది భార్య. ఫోన్లో కూతురు కూడా అదే మాట. ఆ ఇంట్లో ఒక కర్టెన్ రంగు మీద కూడా ముగ్గురూ కలిసిన పాపాన పోలేదు. అలాంటిది ఇప్పుడు ఒక్క మాట మీద నిలబడ్డారు.

గద్ద టాపు ఉన్న కారు తలుపు తీసి, మళ్ళీ వేశాడు. గట్టిగా, నిండుగా మూసుకుంది. ఆ చప్పుడు అతనికి నచ్చింది. కానీ ఆ మాట పైకి ఎలా అంటాడు? ఆకాశంలో కూర్చుని ఉద్యోగం చేసినవాడు నెత్తిన గాలి తగిలే కారు వద్దంటే, రేవు రేవంతా నవ్విపోదూ? “సరే, ఒకసారి నడిపి చూస్తాను,” అన్నాడు.

భార్యకి జుట్టుకి రంగు వేయించుకునే ఆవిడెవరో వస్తానని చెప్పింది. అందుకని భార్య సెలూన్‌కి వెళ్ళిపోయింది. బావాబావమరుదులిద్దరూ టాపు మడిచి బయల్దేరారు.

ఊళ్ళో ఉన్నంతసేపూ బాగానే ఉంది. సిగ్నళ్ళ దగ్గర జనం తలలు తిప్పి చూస్తుంటే బావమరిది రాజుగారిలా చెయ్యి ఊపాడు. “బావా, నీకు బట్టతల లేదు కాబట్టి సరిపోయింది. ఉంటే ఈ ఎండకి పెనంలా కాలిపోయేది!” అన్నాడు. గద్ద కూడా నవ్వాడు. అనవసరంగా భయపడ్డాననుకున్నాడు.

రేవు ముఖద్వారం మీది పొడుగాటి వంతెన ఎక్కేదాకా అంతే.

వంతెన మధ్యకి వచ్చేసరికి సముద్రం వైపు నుంచి గాలి అడ్డంగా కొట్టింది. చెవుల్లో ఈల వేసినట్టు మోగింది. అంతే, గద్ద చేతులు స్టీరింగ్‌కి అతుక్కుపోయాయి. వేళ్ళు తెల్లబడ్డాయి. కాళ్ళు తనవి కానట్టు అయిపోయాయి. ముందు రోడ్డు కనపడుతోంది, పక్కన లారీ కనపడుతోంది, కానీ ఏం చెయ్యాలో తోచడం లేదు. ఊపిరి పైపైనే ఆడుతోంది.

బావమరిది అతని మొహం చూశాడు. నోట్లో ఉన్న జోకు నోట్లోనే మింగేశాడు. మొదటిసారి బండెక్కి బెంబేలెత్తిన వాళ్ళని ఎంతమందినో పక్కన కూర్చుని గట్టెక్కించిన మనిషి. గొంతు మారిపోయింది.

“బావా, ఏం కాలేదు. నా మాట ఒక్కటే విను. కాలు మెల్లిగా తియ్యి. అదీ. ఇప్పుడు ముందున్న వ్యాన్ వెనకే నెమ్మదిగా పోనీ. తొందరేం లేదు. వంతెన అయిపోతోంది. ఇండికేటర్ వెయ్యి. పక్కకి రా. ఇంకొంచెం. బ్రేక్. ఆఁ, అయిపోయింది.”

వంతెన దిగాక రోడ్డు పక్క ఖాళీ జాగాలో కారు ఆగింది. బావమరిది చెయ్యి చాచి బటన్ నొక్కాడు. వెనక నుంచి టాపు లేచి, తలల మీదుగా వచ్చి, ముందు అద్దానికి కరుచుకుంది. గాలి చప్పుడు ఆగిపోయింది. గద్దకి గుండెల మీంచి బండ దించినట్టయింది. తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నాడు. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది.

“నువ్వు క్రేన్ దిగింది మోకాళ్ళ నొప్పుల వల్ల కాదు కదూ?” అన్నాడు బావమరిది కాసేపటికి.

గద్ద తల అడ్డంగా ఊపాడు.

“నాకేం చెప్పక్కర్లేదు. మా అక్కకి చెప్పు. నేనైతే ఒక్క ముక్క అనను.” అని సీటు మారాడు. షోరూము దాకా తనే నడిపాడు. దారి పొడుగునా మాట్లాడలేదు. అతని జన్మలో అంతసేపు నోరు మూసుకున్నది అదే మొదలు.

గద్ద సెలూన్‌కి వెళ్ళేసరికి రంగు వేయించుకున్నావిడ వెళ్ళిపోయింది. భార్య కింద పడ్డ జుట్టు ఊడుస్తోంది. మొగుడి మొహం చూసి చీపురు గోడకి ఆనించింది.

“ఏమైందండీ?”

“ఏం లేదు. తలంతా దుమ్ము పట్టింది.”

“రండి, కడుగుతాను.”

ఆమె అతన్ని సింకు ముందు కుర్చీలో కూర్చోబెట్టి, మెడ కింద తువ్వాలు మడిచి పెట్టి, తల వెనక్కి వాల్చింది. గోరువెచ్చటి నీళ్ళు పోస్తూ వేళ్ళతో తల రుద్దింది. అలా వెనక్కి వాలితే మనిషికి ఎదురుగా కప్పు తప్ప ఎవరి మొహమూ కనపడదు. అందుకే కాబోలు, గద్దకి నోరు పెగిలింది.

“కిందకి మారకముందు, ఆ గాలివాన రోజు... క్రేన్ మీద ఉన్నప్పుడు, ముందు అద్దం పగిలిపోయింది,” అన్నాడు. “గాలి నన్ను సీట్లోంచి లాగేస్తుందనుకున్నాను. బెల్టు ఉంది, అయినా సరే. నిచ్చెన దిగి రమ్మంటున్నారు రేడియోలో. దిగడానికి గాలి ఆగాలి కదా. అది ఆగేదాకా ఒక్కడినే అక్కడ... ఇవాళ వంతెన మీద మళ్ళీ అదే అయింది. కాళ్ళూ చేతులూ కదల్లేదు. నీ తమ్ముడు లేకపోతే ఏమయ్యేదో.”

ఆమె చేతులు ఆగలేదు. నురగ కళ్ళలోకి జారకుండా నుదుటి మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

“నాకు తెలుసు,” అంది.

“ఏం తెలుసు?”

“ఆ రోజు ఇంటికొచ్చి మెట్ల మీద జారిపడ్డానన్నారు. మీరు పడుకున్నాక మీ జుట్టులోంచి అద్దం పలుకులు ఏరింది నేనేగా. ఏ మెట్ల మీద ఉంటాయండీ అద్దాలు?”

గద్ద లేవబోయాడు. ఆమె భుజం పట్టి ఆపింది. “నీళ్ళు కారతాయి, కదలకండి.”

“మరి ఎప్పుడూ అడగలేదేం?”

“మీరే చెప్తారని చూశాను. మర్నాడు చెప్తారు, వచ్చే వారం చెప్తారు అనుకుంటూ ఇన్నాళ్ళు గడిచిపోయాయి. మోకాళ్ళకని నూనె రాయించుకుంటుంటే కూడా రాస్తూ కూర్చున్నాను.”

ఆ మాటకి గద్దకి నవ్వొచ్చింది. నవ్వుతూంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎలాగూ తలంతా తడే కాబట్టి ఎవరికీ తెలిసే పని లేదు. “అన్నీ తెలిసి, తెరుచుకునే కారే కొనమన్నావేం?”

“కిందకి మారాక మీరు బయట కూర్చోవడమే మానేశారు. కిటికీ కూడా వేసుకునే ఉంటారు. కారు పేరుతోనైనా కాస్త బయటి గాలి పీల్చుకుంటారేమో అనుకున్నాను.” ఆమె నీళ్ళు కట్టేసి తువ్వాలు అందుకుంది. “తప్పే చేశాను. ముందే అడగాల్సింది. ఇంకో సంగతి చెప్పనా? నాకూ ఆ కారు ఇష్టం లేదు. పగలంతా ఊరి జుట్టు దువ్వి, సాయంత్రం నా జుట్టు పిచ్చుక గూడులా చేసుకుని తిరగమంటారా?”

ఆమె తల తుడుస్తోంటే గద్ద తువ్వాలు లోపల్నుంచే అడిగాడు. “మరి ఈ భయం పోతుందంటావా?”

“పోతుందో పోదో నాకేం తెలుసు? డాక్టర్ని అడుగుదాం. నేనూ వస్తాను. ఆలోపు టాపున్న కారు కొనుక్కుందాం.”

మర్నాడు ఇద్దరూ షోరూముకి వెళ్ళారు. “మడవనిదే ఇవ్వమ్మా,” అన్నాడు గద్ద, గొంతు తగ్గించకుండా.

“మంచిదే తీసుకున్నారండీ,” అంది అమ్మాయి. “టాపు కదలదు కాబట్టి బండి బాడీ ఇంకా బిగువుగా ఉంటుంది. మలుపుల్లో తెలుస్తుంది మీకు.”

ఫోన్లో కూతురు విషయం అంతా విని, మొదట ఏడ్చి, తర్వాత తండ్రిని తిట్టి, చివరికి కారు ఫోటో పంపమంది. బావమరిది వీధిలో నిలబడి కారు చుట్టూ తిరిగాడు. “రెండే సీట్లు. అక్క ఎక్కితే నేనెక్కడ కూర్చోవాలి? టాపన్నా లేకపోయుంటే వెనక వేలాడేవాణ్ణి!” అన్నాడు. వంతెన మాట మాత్రం ఎత్తలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం మొగుడూ పెళ్ళాం షికారు వెళ్ళారు. గద్ద వంతెన దారి పట్టలేదు, పట్టాలనీ అనుకోలేదు. కొండ వైపు మెలికలు తిరిగే రోడ్డు పట్టాడు. కారు ప్రతి మలుపులోనూ రోడ్డుని కరుచుకుని పోయింది. ఇంజను గుర్రుమంటుంటే అతని ఒంట్లో పాతికేళ్ళ కుర్రాడెవడో లేచి కూర్చున్నాడు.

“చూశావా, ఎలా తిరిగిందో?” అన్నాడు పక్కకి చూసి.

వారమంతా నిలబడి పనిచేసిన మనిషి, సీటుకి చెంప ఆనించి హాయిగా నిద్రపోతోంది. గద్ద వేగం తగ్గించాడు. ఇంటికి తిరిగే మలుపు వచ్చింది. లేపడం ఇష్టం లేక, ఇంకో చుట్టు తిరిగొద్దామని తిన్నగా పోనిచ్చాడు.