ఆర్థర్ జేబులో తాళం

మా రైల్వే ఊళ్ళో, పూరీ గేట్ బజార్లో నాది కంప్యూటర్ల దుకాణం. నా జోకులు మనుషులకన్నా మెషిన్లకే బాగా ఎక్కుతాయి. అందుకే అవి తరచూ హ్యాంగవుతాయి.

ఆ ఉదయం న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్ల నుంచి ఎస్తేరమ్మ పాత హార్డ్‌డిస్కును తువ్వాలులో చుట్టి తెచ్చింది. ఆమె భర్త ఆర్థర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, పోయి రెండేళ్ళు. ఆయన రాసిన నలభై కీర్తనలూ అందులోనే ఉన్నాయి. కాగితం మీద ఒక్కటీ లేదు.

"ఆదివారం ఆయన జ్ఞాపకార్థ కూడిక, బాబూ. ఒక్కటైనా పాడించాలి. రాగాలు నాకొచ్చు, మాటలే మర్సిపోనాను."

ఆ పాత తెలుగు టైపింగు సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్ మీద పట్టాలెక్కనంది. అందుకని కొత్త కంప్యూటర్ లోపలే వర్చువల్ మెషిన్ అనే ఉత్తుత్తి కంప్యూటర్ని కట్టి, దాంట్లో పాత విండోస్‌ని కూర్చోబెట్టాను.

"పెట్టెలో పెట్టె, పిన్నీ! రైలు పెట్టె కాదు, రిజర్వేషన్ అక్కర్లేదు."

"నీ ఎకసెక్కాలాపి పని సూడు."

మధ్యాహ్నానికి పాత తెర వెలిగింది. ఎస్తేరమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. నలభై ఫైళ్ళూ వరసగా ఉన్నాయి. మొదటిది నొక్కాను. సాఫ్ట్‌వేర్ తాళం అడిగింది.

నిజం తాళమే. వేలెడంత బిళ్ళ. కంప్యూటర్ వెనక ప్రింటరు తీగ పెట్టేచోట అది గుచ్చితేనే ఆ ఫైళ్ళు తెరుచుకుంటాయి. గుచ్చే చోటు నా కంప్యూటర్‌కీ ఉంది, బిళ్ళే లేదు. అమ్మిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, ఇంకోటి దొరకదు.

"పిన్నీ, రెండు మరలున్న తెల్ల బిళ్ళ..."

"అదా? ఎప్పుడూ సొక్కా జేబులోనే ఉండీది."

"ఇప్పుడెక్కడుంది?"

ఆమె తువ్వాలు మడత పెట్టింది. విప్పింది. మళ్ళీ మడత పెట్టింది.

"కళ్ళజోడు, బైబులు ఆయనతోపాటే పెట్టెలో పెట్టినాం. జేబులోది ఎవరో తీయబోతే నేనే సెయ్యి పట్టుకున్నాను. అది లేకపోతే ఆయనకి తోచదని."

పెట్టె మీద నా దగ్గర ఇంకో జోకుంది. మింగేశాను.

"పాస్టరుగారిని అడిగి సమాధి తవ్విస్తే..." అని నేను నసిగాను.

"రెండు వానాకాలాలు ఎల్లిపోనాయి. మట్టిలో ఇనుమేటవుతాదో ఫిట్టరు పెళ్ళానికి సెప్పాలా?"

తెర మీద రెండు బొత్తాలు: మళ్ళీ ప్రయత్నించు, మూసెయ్యి.

"మూసెయ్యనా, పిన్నీ?"

"ఉండు."

ఆమే మొదటిది నొక్కింది. సాఫ్ట్‌వేర్ తాళం అడిగింది. మళ్ళీ నొక్కింది. నేను టీ తెప్పించాను; చల్లారిపోయింది. ఆమె నొక్కుతూనే ఉంది.

ఆదివారం కూడికలో అందరూ అచ్చు పుస్తకంలోని పాటే పాడారు. ఎస్తేరమ్మ పెదవి కదపలేదు.