స్టార్ బటన్ కింద రేడియో

"ముందు తిట్టనని మాటివ్వు," అంది ఫోన్‌లో ఇంజనీరు ఎరిన్.

డార్లా విట్‌కోవ్‌స్కీ కారు తలుపు మూయబోయి ఆగింది. ఎదురుగా ప్రైరీ సెల్ కంపెనీ భవనం కాన్సస్ ఎండలో తళతళలాడుతోంది. ఇంకో పది నిమిషాల్లో అక్కడ ఆమె బృందం తయారుచేసిన కొత్త ఫోన్‌కి ఆఖరి పరీక్ష.

"తిట్టను. చెప్పు."

"రేడియో పోలేదు."

"పోలేదంటే?"

"తెర మీద బొమ్మ తీసేశాను. మెనూలో పేరు తీసేశాను. కానీ ఇయర్‌ఫోన్ పెట్టి స్టార్ బటన్ పదిసెకన్లు నొక్కితే మోగుతోంది. నా పరీక్షల కోసం పెట్టుకున్న దొడ్డిదారి అది. మూయడం మర్చిపోయా."

డార్లా మాటిచ్చింది కాబట్టి తిట్టలేదు. కారు చక్రాన్ని ఒక్క తన్ను తన్నింది.

శాన్ డియేగోలో పదకొండు మంది రెండేళ్లు కూర్చుని చేసిన ఫోన్ అది. అయితే అమెరికాలో ఫోన్ తయారుచేసేవాడు ఒకడు, అమ్మేవాడు ఒకడు. ప్రైరీ సెల్ ఔనంటేనే దుకాణంలోకి వెళ్తుంది. ప్రైరీ సెల్‌లో ఔననేవాడు ప్రెస్టన్ లైల్. ముప్ఫై ఆరేళ్లవాడు, చేతిలో పెన్ను ఉంటుంది గానీ అందరూ దాన్ని కత్తెర అంటారు. ఫొటో పక్క ఫోన్‌కి ఉచితంగా పంపే సదుపాయం ఉండేది. తీసెయ్యమన్నాడు. ఫొటోకి పాతిక సెంట్లు వాళ్లకి రావాలి. సొంత గొంతుని రింగ్‌టోన్‌గా పెట్టుకునే వీలుండేది. అదీ పోయింది. కంప్యూటర్‌లోంచి పాటలు ఎక్కించుకోవడం పోయింది. చివరికి రేడియో. దానికోసం డార్లా గంటసేపు పోట్లాడింది. "ఊరికే వినేవాడు రెండు డాలర్లు పెట్టి పాట కొంటాడా?" అన్నాడు ప్రెస్టన్. అంతే, గీత పడింది.

ఇప్పుడు ఆ రేడియో బతికే ఉందని తెలిస్తే ఫోన్ మళ్లీ పరీక్షల వరస చివరికి వెళ్తుంది. మూడు నెలలు. నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ అమ్మకాలు పోతాయి. అవి పోతే పదకొండు ఉద్యోగాలూ పోతాయి. సందేహం లేదు.

"ఏం చేస్తావు?" అంది ఎరిన్.

"లోపలికి వెళ్తా. నవ్వుతూ వెళ్తా."

పరీక్ష గది నేలమాళిగలో ఉంది. గోడలకి, పైకప్పుకి, తలుపుకి కూడా రాగి రేకు తొడుగు. బయటి సిగ్నల్ ఒక్కటీ లోపలికి రాకూడదు, లోపల వాళ్లు పుట్టించిన సిగ్నల్‌తోనే ఫోన్‌ని తేల్చాలి. అదీ పద్ధతి. ఆ గదికి పద్దెనిమిదేళ్లుగా పెద్ద ఓడెల్ క్రెన్షా. బట్టతల, మెడలో తాడుకి వేలాడే కళ్లద్దాలు.

"రామ్మా, త్వరగా కానిద్దాం. ఇవాళ నాకు కొంచెం తొందర," అన్నాడు.

"ఇంట్లో ఏదైనా పనా?"

"ఇంట్లో కాదు, మైదానంలో. మన ఊరి బేస్‌బాల్ జట్టు, మనవాళ్లు ఆడుతున్నారు. ఈ ఏడాది తొంభై ఆటలు ఓడారు, తొంభై ఒకటోది కూడా నేను చూడకుండానే ఓడతారేమోనని బాధ."

తలుపు మూసి గొళ్లెం బిగించాడు. కాగితం చూస్తూ ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ పోయాడు. కాల్ కలిసింది. మెసేజ్ వెళ్లింది. ఫొటో ఊరికే పక్క ఫోన్‌కి పంపబోతే పంపనన్నది, అంటే పాసు.

"రేడియో," అన్నాడు. "బొమ్మ లేదు. మెనూలో లేదు." ఇయర్‌ఫోన్ తగిలించి ఒక కొస చెవిలో పెట్టుకున్నాడు. "ఇంజనీర్లు దొడ్డిదారులు పెడతారు. అందుకని ప్రతి బటనూ పదేసి సెకన్లు నొక్కమంటుంది ఈ కాగితం."

ఒకటి నొక్కాడు. రెండు నొక్కాడు. తొమ్మిది, సున్నా అయ్యాయి. వేలు స్టార్ మీదికి వెళ్లింది. డార్లా రాగి గోడ వైపు చూస్తూ నిలబడింది. పది సెకన్లు ఇంత పొడుగని ఆమెకి ఎప్పుడూ తెలియదు.

"నిశ్శబ్దం," అన్నాడు ఓడెల్, టిక్కు పెడుతూ.

అప్పుడు వెలిగింది డార్లాకి. గదిలోకి సిగ్నలే రాదు, రేడియో ఏం పాడుతుంది? స్టేషన్ దొరక్కపోతే గరగరలాడకుండా నోరు మూసుకుని ఉండటం ఆ చిప్పు అలవాటు. పద్దెనిమిదేళ్లుగా ఈ గదిలో మోగిన రేడియో ఒక్కటి కూడా ఉండదు. ఆమెకి నవ్వాగలేదు. దగ్గు కింద మార్చుకుంది.

"మంచినీళ్లు కావాలా?"

"వద్దండీ. సంతకం చాలు."

సంతకం ప్రెస్టన్‌ది, మూడో అంతస్తులో. ఓడెల్ ఒక చేత్తో కాగితం, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, చెవిలో ఇయర్‌ఫోన్ తియ్యడం మర్చిపోయి గొళ్లెం తీశాడు. వరండాలోకి మూడడుగులు వేసి ఠక్కున ఆగిపోయాడు.

డార్లా ఒక్క అంగలో ఆయన పక్కకి చేరింది.

ముసలాయన ఫోన్ వంక చూశాడు. వెనక రాగి తలుపు వంక చూశాడు. మళ్లీ ఫోన్ వంక చూశాడు. ఆయన ముఖంలో పద్దెనిమిదేళ్లు గిర్రున తిరిగినట్టయింది.

"ఓడెల్ గారూ, నేను చెప్తాను..."

"ష్. మూడు మూడు సమానం. ఆఖరి ఇన్నింగ్స్. మనవాళ్ల బ్యాటింగు." లిఫ్టు దాకా వెళ్లినవాడు వెనక్కి తిరిగాడు. "లిఫ్టులో సరిగ్గా వినపడదు. మెట్లెక్కుదాం పద."

అరవై దాటిన మనిషి మూడంతస్తులూ గబగబా ఎక్కేశాడు. డార్లా రొప్పుతూ వెనకే పరుగెత్తింది.

ప్రెస్టన్ బల్ల మీద రెండు ఫోన్లు, పెన్ను ఉన్నాయి. "అన్నీ తీశారా?" అని కాగితం లాక్కున్నాడు.

"కాగితంలో ఉన్నట్టే పరీక్షించాను," అన్నాడు ఓడెల్.

ప్రెస్టన్ పెన్ను మూత తీశాడు. సరిగ్గా అప్పుడే ఓడెల్ పిడికిలి గాల్లోకి లేచింది. "కొట్టాడు. గెలిచేశాం."

"ఎవరు గెలిచారు? నా ఫోన్‌లో ఇంకా మూడు మూడే ఉంది." ప్రెస్టన్ స్కోరు మెసేజ్ చూసుకున్నాడు. ఒక్కోటి పదిహేను సెంట్లు, సొంత కంపెనీదే. నిమిషంన్నర తర్వాత ఆ ఫోన్ టింగుమంది. నాలుగు మూడు.

ప్రెస్టన్ మెల్లిగా తలెత్తాడు. "మీకెలా తెలిసింది?"

ఓడెల్ డార్లా వంక చూశాడు. అబద్ధం ఆయన నాలుక చివర ఉంది, ఆమె కోసం ఆడెయ్యడానికి సిద్ధంగా కూడా ఉన్నాడు. డార్లా ఆడనివ్వలేదు.

"మా ఫోన్‌లోంచి," అంది. "రేడియో పోలేదు. తప్పు మాదే. ఆయనకి తెలీదు, ఆ రాగి గదిలో రేడియో మోగదు." ఓడెల్ చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి ప్రెస్టన్ చేతికిచ్చింది. "సంతకం పెట్టకపోయినా సరే, ఒక్కసారి వినండి."

అతను విన్నాడు. మైదానంలో ముప్ఫై వేలమంది కేకలు ఆ ఇయర్‌ఫోన్‌లోంచి బల్ల మీదికి చిందాయి. ఓడిపోవడం తప్ప ఎరగని జట్టు అది. ప్రెస్టన్ పెదవి ఒకవైపు లేచి, మళ్లీ సర్దుకుంది.

ఆట అయిపోయి ఏదో పాట మొదలైంది. అతని వేలు బల్ల మీద తాళం వేసింది.

"బావుందా?" అంది డార్లా.

"ఎవరిదీ పాట?"

"తెలీదు. కానీ ఇప్పుడు కొనుక్కోవాలని ఉంది కదూ? వినని పాటని ఎవడు కొంటాడండీ, ప్రెస్టన్? ఫోన్‌లో మీరు పెట్టిన పాటల దుకాణానికి రేడియో పోటీ కాదు. వాకిట్లో నిలబడి, జీతం అడక్కుండా కేకలేసి పిలిచే మనిషి."

పాట సగమయింది.

"తెర మీద బొమ్మ ఉండకూడదు," అన్నాడు ప్రెస్టన్. "ఫోన్‌తో ఇచ్చే పుస్తకంలో రాయకూడదు. మూడు నెలల్లో పాటల అమ్మకం పెరగకపోతే ఆ దొడ్డిదారి మూసేస్తారు."

"పెరిగితే?"

"పెరిగితే ఆ ఆలోచన నాది."

"మీదే," అంది డార్లా వెంటనే.

"మరి కాగితంలో నిశ్శబ్దం అని రాశానే," అన్నాడు ఓడెల్.

"గదిలో నిశ్శబ్దమేగా. నిజమే రాశారు." ప్రెస్టన్ చెవిలో ఇయర్‌ఫోన్ తియ్యకుండానే సంతకం గీకేశాడు. "స్టేషన్ మార్చాలంటే ఎలా?"

"బాణం బటన్ ఉండేదండీ. దాన్ని మీ పాటల దుకాణానికి పెట్టించారు."

ప్రెస్టన్ ఆ బటన్ వంక చూశాడు. తర్వాత కాగితం మళ్లీ దగ్గరికి లాక్కుని, బాణం బటన్‌ని రేడియోకి తిరిగి ఇవ్వమని సంతకం కింద ఒక వాక్యం రాశాడు. ఆ కంపెనీలో ఒక ఫోన్‌కి ఏదైనా తిరిగి పెట్టమని అతను రాయడం అదే మొదటిసారి.

డార్లా మెట్లు రెండేసి చొప్పున దిగుతూ ఎరిన్‌కి ఫోన్ కలిపింది.

"అందరినీ పిలువు," అంది. "స్పీకర్ పెట్టు."