జాగు సీసా

పొద్దున్నే కాఫీ పొయ్యి మీద పెట్టి, అది పొంగేలోపు ముసలి పరస్కివా వైరు తుడిచేసేది. నాలుగో అంతస్తులో వాళ్ళ ఫ్లాటుకి ఇంటర్నెట్ వైరు కిటికీ చట్రంలో పొడిచిన కన్నంలోంచి వస్తుంది. ఎదుటి బిల్డింగు కప్పు నుంచి చెట్ల మీదుగా వేలాడుతూ వచ్చే ఆ వైరుకి రోజూ జాగు పడుతుంది, పల్చటి పాకంలా, కాస్త తెల్లగా. ముసలావిడ పాత బనీను గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని గాజు సీసాలోకి పిండేది. సీసా నిండితే మూత బిగించి కిటికీ గట్టు మీద, పచ్చి టమాటా ఊరగాయ పక్కన పెట్టేది. మిగతా ఇళ్ళవాళ్ళు జాగుని సింకులో పోసేస్తారు. ఆ వీధి మురుగు అంత తీరుబడిగా పారేది అందుకే. పరస్కివాకి మాత్రం ఏదీ పారబొయ్యడానికి చేతులు రావు.

అవసరం పడితే ఎవరైనా వచ్చి అడిగి పట్టుకెళ్ళేవాళ్ళు. పోయినేడు మూడో అంతస్తు ఫనీకా, లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి, కూతురికి రైలు తప్పిపోయేలా ఉందని అర చెంచా తీసుకెళ్ళి రైలు మెట్టు మీద పోశాడు. వాళ్ళ ఊరు బ్రైలా స్టేషన్లో రైలు నాలుగు నిమిషాలు కదల్లేదు. గార్డు గడియారం చూసుకుని ఆవలించాడు, అంతే.

పరస్కివా వైరు తుడిచేది మనవరాలి కోసం. స్మరాండకి ఇరవై ఒకటి. ఐదుగురు జట్టుగా ఆడే తుపాకుల కంప్యూటరు ఆటలో దేశం మొత్తం మీద ఆ పిల్ల పేరు తెలిసినవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, మెట్ల మీద ఎదురుపడే పక్కింటివాళ్ళకి మాత్రం స్మరాండ ఇంకా ఉద్యోగం రాని పిల్లే. ఆ ఆదివారం ఫైనల్. గెలిస్తే బుకారెస్టులో పెద్ద జట్టు ఏడాది ఒప్పందం ఇస్తుంది. ఓడితే సోమవారం ఉదయం ఆరింటికి కార్ల వైర్లు అల్లే ఫ్యాక్టరీలో సంతకం పెడతానని అమ్మమ్మకి తనే మాటిచ్చింది.

ఇంకో సంగతి కూడా ఉంది. మే నెలలో గుండె డాక్టరు పరస్కివాని పరీక్ష చేసి, ఆకులు రాలే కాలం చూడడం కష్టమన్నాడు. ఆవిడ ఇంటికొచ్చి వాన పడుతుందని చెప్పినట్టే చెప్పింది. తర్వాత బఠాణీలు వొలుస్తూ, "నువ్వొక్కసారి గెలవడం చూస్తే చాలే, మిగతాది నాకనవసరం," అంది. స్మరాండ ఆ రాత్రి బాత్రూములో కుళాయి తిప్పి పెట్టి ఏడ్చింది. అప్పట్నుంచీ ఆ పిల్లకి కావలసింది ఒప్పందం కూడా కాదు. తను గెలిచే వేళకి అమ్మమ్మ తన పక్కన నిలబడి ఉండాలి, అంతే.

జూలై ఎండ ముప్పై ఎనిమిది డిగ్రీలు. సెకండ్ హ్యాండ్ ముక్కలు ఏరి కట్టుకున్న కంప్యూటరు పక్క రేకు తీసేసి, కిటికీ తీసి, వీధి తలుపు కూడా తీసి పెట్టి స్మరాండ ఆటకి కూర్చుంది. తీసేటప్పుడు గట్టు మీది సీసాలన్నీ తనే పక్కకి జరిపింది. అక్కడి కిటికీలు లోపలికి తెరుచుకుంటాయి మరి.

"అమ్మమ్మా, ఆట అయ్యేదాకా ఇవి రెండూ తీసే ఉండాలి. పెట్టె వేడెక్కితే బొమ్మ నిలవదు."

"సరేలేవే, నేనేం చిన్నపిల్లనా?"

ఇరవై రెండు రౌండ్ల దాకా వెన్నలా సాగింది. వైరు మీద జాగన్నదే లేదు, తను నొక్కింది సర్వరుకి చేరడానికి సెకనులో వెయ్యో వంతులు ఆరు. బొమ్మ సెకనుకి నూట నలభై ఫ్రేములు. ఎవడైనా గోడ చాటు నుంచి భుజం బయట పెడితే చాలు, ఆ భుజం స్మరాండకి కనిపించేది, కనిపించిన భుజం మిగిలేది కాదు. పదమూడు రౌండ్లు ముందు గెలిచినవాళ్ళది ఆట. పన్నెండు-పది దగ్గర హెడ్‌ఫోన్లో కెప్టెన్ రారెష్ కూనిరాగం తీయడం మొదలుపెట్టాడు.

అదిగో, సరిగ్గా అప్పుడే బొమ్మ ముక్కలైంది.

ఎదుటివాడు గోడ దగ్గర ఉన్నాడు, మళ్ళీ చూస్తే మెట్ల దగ్గర ఉన్నాడు, మధ్యలో నడవనే లేదు. స్మరాండ గోడ దగ్గర కాల్చింది. వాడు మెట్ల మీంచి కాల్చాడు. పన్నెండు-పదకొండు.

"ఏంటే అది, నిద్రపోయావా? నెట్ పోయిందా?" రారెష్ అరిచాడు.

"నెట్ బాగానే ఉంది. ఆరే చూపిస్తోంది. ఫ్రేములు పడిపోతున్నాయి, ముప్పైకొచ్చాయి."

"ఎందుకు పడిపోతున్నాయి?"

ఎందుకో వీపుకే తెలిసింది. చెమట ధారగా కారుతోంది. గదిలో గాలి లేదు. తల తిప్పకుండానే అడిగింది.

"అమ్మమ్మా. కిటికీ మూశావా?"

"మరి మూయనా? అటు తలుపూ ఇటు కిటికీ బార్లా తీసుకుని, చెమట పట్టిన మెడతో ఆ గాలిలో కూర్చుంటావా? మీ చిన్నమ్మమ్మ వేతాకి మూతి వంకరపోయింది దేనివల్లనుకున్నావ్?"

ఆ ఊళ్ళో అంతే. బస్సులో ఉడికిపోతూ చస్తారు గానీ రెండు వైపులా కిటికీలు తియ్యనివ్వరు. ఒకవైపు వచ్చి ఇంకోవైపు పోయే గాలి పంటినొప్పి దగ్గర్నుంచి పక్షవాతం దాకా అన్నీ తెస్తుందని డాక్టర్లు కూడా నమ్ముతారు. పరస్కివా తలుపూ మూసి, దాని కింద గుడ్డ కూడా కుక్కింది.

"తియ్యి అమ్మమ్మా! పెట్టె కాలిపోతోంది!"

"జాగేగా? ఉండు, ఇప్పుడే తుడిచేస్తా." ముసలావిడ గుడ్డ పట్టుకుని వైరు మీద పడింది.

"జాగు కాదే తల్లీ! వైరు అద్దంలా ఉంది. ఇది వేరే! నా మాట అవతలికి చేరడం వైరు పని. అవతలివాడు నా కళ్ళకి కనబడడం పెట్టె పని. మాట పోతోంది, కళ్ళే కనబడ్డం లేదు నాకు!"

"రెండూ ఆలస్యమేగా?"

"కాదు!"

పన్నెండు-పన్నెండు. ఇక మిగిలింది ఒక్క రౌండు. స్మరాండకి కోపం అమ్మమ్మ మీద కాదు, ఆ తలుపు కింద గుడ్డ మీద.

"లేచి నువ్వే తీసుకో," అన్నాడు రారెష్.

"లేస్తే నలుగురే అవుతారు. మొదలైపోయింది."

పరస్కివా మనవరాలి ముఖంలోకి చూసింది. మెరుస్తూ ఆగుతూ, ఆగుతూ మెరుస్తూ ఉన్న తెర వంక చూసింది.  వెళ్ళి తలుపు కింద గుడ్డ లాగేసి తలుపు బార్లా తీసింది. చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చి కిటికీ పిడి పట్టుకుంది. ఆ తొందరలో, కిటికీ మూశాక సీసాలన్నీ మళ్ళీ గట్టు మీదికి సర్దింది తనే అన్న సంగతి మర్చిపోయింది.

కిటికీ రెక్క లోపలికొచ్చింది. ఊరగాయ సీసా అటు పడింది, పదేళ్ళనాటి జాగు సీసా ఇటు పడి ఆవిడ పాదాల మీదే పగిలింది. ముసలావిడ తప్పుకోలేదు. గాలి పిల్ల మెడకి తగలకుండా కిటికీకి వీపు పెట్టి అడ్డంగా నిలబడింది. ఆవిడ రెండు పక్కల నుంచీ గాలి చుట్టుకొచ్చి పెట్టెకి తగిలింది.

నలభై. డెబ్బై. నూట పది.

స్మరాండ జట్టులో ఇద్దరు పోయారు, అవతల ఇద్దరు పోయారు. రారెష్ పోయాడు. ఇంకొకడూ పోయాడు, పోతూ ఒకణ్ణి పట్టుకుపోయాడు. తను ఒక్కతి, అవతల ఇద్దరు. నూట ముప్పై. మొదటివాడు తలుపు దాటుతుంటే భుజం కనిపించింది. కాల్చింది. రెండోవాడు వెనకనుంచి వస్తున్నాడు, అడుగుల చప్పుడు ఎడమ చెవిలో. నూట నలభై. తిరిగింది. వాడు తిరిగిన తీరు, తుపాకి ఎత్తిన తీరు, అంతా కుట్టు కుట్టుగా కనబడింది. ఇద్దరూ ఒకేసారి నొక్కి ఉంటారు. ఈమె నొక్కింది ముందు చేరింది.

హెడ్‌ఫోన్లో నలుగురు మగాళ్ళు ఏడుస్తున్నారు. వెనక నుంచి అమ్మమ్మ గొంతు వినబడింది.

"ఆట అయి..."

స్మరాండ హెడ్‌ఫోన్ పీకేసి వెనక్కి తిరిగింది. "గెలిచానే అమ్మమ్మా!"

పరస్కివా కదల్లేదు. ఒక చెయ్యి కిటికీ పిడి మీద ఉంది. తలగుడ్డ అంచు గాలికి లేచి, లేచినట్టే ఉండిపోయింది. పెదాలు సగం తెరుచుకున్నాయి. చెప్పులు రెండూ జాగులో మునిగి ఉన్నాయి.

అరుపు విని ఫనీకా పైకొచ్చాడు. గుమ్మంలోనే నేల చూసి, తడి తొక్కకుండా గోడవారగా నడిచాడు.

"పదేళ్ళ సీసానా? చిక్కగా ఉంటుందది. పర్లేదు, పొడి గుడ్డతో తుడిచెయ్. పది నిమిషాల్లో ఆవిడ మన వేళతో కలిసిపోతుంది."

స్మరాండ గుడ్డ తీసుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. ఫనీకా ఊరికే, అలవాటుగా, ముసలావిడ మణికట్టు పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు.

"కొట్టుకుంది," అన్నాడు.

ఇంకోసారి కొట్టుకునేలోపు వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగి రావచ్చు. వెళ్ళి తాగి వచ్చాడు కూడా.

స్మరాండ చేతిలో గుడ్డ ఆగిపోయింది. తుడిస్తే అమ్మమ్మ ఇప్పుడే చూస్తుంది. తెర మీద పేరు ఇంకా మెరుస్తూనే ఉంది, తిప్పి చూపిస్తే చాలు. ముసలావిడ కోరిందీ అదొక్కటే, తను మే నెల నుంచీ కళ్ళు మండేలా ఆడిందీ దానికోసమే. చూస్తుంది, ముద్దు పెట్టుకుంటుంది, తర్వాత ఆకులు రాలతాయి.

"బాబాయ్, డాక్టరు ఏమన్నాడో నీకు తెలుసుగా?"

"ఆకులు రాలేదాకా అన్నాడు." ఫనీకా గడ్డం గోక్కున్నాడు. "ఏ ఏటి ఆకులో చెప్పలేదుగా."

 స్మరాండకి సిగ్గేసింది. అమ్మమ్మని అడక్కుండా అమ్మమ్మ సంగతి తేల్చడానికి తనెవరు? సిగ్గుపడుతూనే గుడ్డ మడిచి ఒళ్ళో పెట్టుకుంది. ఫనీకా ఊలు శాలువా వెతికి తెచ్చి ముసలావిడ వీపు చుట్టూ కప్పాడు.

"పాపం, గాలి తగులుతోంది," అన్నాడు.

ఆగస్టులో స్మరాండ బుకారెస్టు వెళ్ళింది. రోజూ పొద్దున్నే ఫనీకా వైరు తుడిచి, గుడ్డని ఆ చెప్పుల దగ్గరే పిండేవాడు. పిడి మీది చెయ్యి తియ్యలేక కిటికీ అలాగే తెరిచి ఉంచారు. బిల్డింగు ఆడవాళ్ళు వంతులేసుకుని శాలువాలు మార్చారు. అక్టోబరులో ఆకులు రాలి కొన్ని గదిలోకి కూడా వచ్చాయి. ఫనీకా వాటిని గబగబా ఊడ్చేశాడు, ఆవిడ కంట పడకుండా.

జనవరిలో స్మరాండ సెలవుకి వచ్చింది. గట్టు మీద మంచు జానెడు మందాన ఉంది. వీపు మీద తన పేరున్న జట్టు చొక్కా వేసుకుని, దాని మీద కోటు వేసుకుని గదిలోకి వచ్చింది. శాలువాల మధ్య అమ్మమ్మ ముఖం జూలైలో ఎలా ఉందో అలాగే ఉంది, కాస్త చెమటతో సహా. కళ్ళు మాత్రం ఎప్పుడు తిరిగాయో, తలుపు వైపు తిరిగి ఉన్నాయి.

పెదాలు కలిసి, విడిపోయాయి.

"...పోయిందా?"

ఎండాకాలంలో మొదలైన ప్రశ్న అప్పటికి పూర్తయింది. ఫనీకా గుడ్డ పట్టుకుని స్మరాండ వంక చూశాడు. ఒక్క మాట చాలు, తుడిచేసేలా ఉన్నాడు.

స్మరాండ కోటు గుండీలు మెడ దాకా పెట్టుకుంది. దగ్గరికి వెళ్ళి, ముసలావిడకి అందేలా ఒక్కో మాటా నెమ్మదిగా చెప్పింది.

"ఇంకా లేదు అమ్మమ్మా. ఒక్క రౌండు ఉంది. నువ్వలా పట్టుకునే ఉండు."

పరస్కివా గడ్డం కిందికి కదలడం మొదలైంది. ఆ తల ఊపడం ఈస్టరు నాటికి పూర్తవుతుంది. ఫనీకా వెళ్ళి, గాలి మరీ దూసుకు రాకుండా, వీధి తలుపు దగ్గరగా వేశాడు.