పదకొండు నుంచి పన్నెండు దాకా

అడవిలో ఉన్న ఆ చెక్క ఇంట్లో నాలుగు రోజులు గడుపుదామని వచ్చినవాళ్లు నలుగురు: బస్సు కండక్టరు, బట్టలు కుట్టే అతని భార్య, పదిహేనేళ్ల కూతురు, కండక్టరు అక్క. సాయంత్రం తాళంచెవి చేతిలో పెడుతూ కాపలా పెద్దావిడ చెప్పవలసినవి చెప్పింది. పొయ్యి గొట్టం మూసుకుపోతే కర్రతో పొడవాలి. వాగు మీద వంతెనగా వేసిన దుంగ తడిస్తే జారుతుంది. ఆరుబయట ఏం మాట్లాడినా అడవి దాన్ని మర్నాడు సరిగ్గా అదే వేళకి తిరిగి చెబుతుంది.

"గొణిగినా చెబుతుందా?" అని అడిగింది కూతురు.

"అడవికి గొణుగుడూ ఒకటే, కేకా ఒకటే. అంతా ఒకే మోతగా చెబుతుంది. కప్పు కింద అన్నవి మాత్రం పట్టించుకోదు" అని, ఆవిడ పొయ్యి ఎలా రాజెయ్యాలో చూపించడానికి లోపలికి నడిచింది.

మొదటి రోజు పొద్దున్నే ఇల్లంతా పొగ. అక్క కళ్లు తుడుచుకుంటూ టీ కాచి బయటికి తెచ్చింది. కండక్టరు ఒక గుక్క తాగి "బ్రహ్మాండం" అని, ఆవిడ అటు తిరగ్గానే పెదాల మధ్య ఏదో గొణిగాడు. తర్వాత కట్టెలు కొడుతుంటే గొడ్డలి పిడి నుంచి ఊడి వాగులో పడింది. దాన్ని వెతకబోయిన కూతురి చెప్పు ఒకటి నీళ్లలో కొట్టుకుపోయింది.

రెండో రోజు ఏడింటికి అందరూ వాగు ఒడ్డున మొహాలు కడుక్కుంటుంటే చెట్ల మీంచి కండక్టరు గొంతు ఫెళ్లున వినిపించింది: "గిన్నెలు కడిగిన నీళ్లు ఇంతకన్నా నయం!"

"ఏరా, నిన్న బ్రహ్మాండం అన్నావు కదరా!" అంది అక్క.

"దీనికి ముందు ఆ బ్రహ్మాండం కూడా వినపడింది కదక్కా!"

పడీపడీ నవ్వారు. భార్య కూడా నవ్వింది గానీ ఆ నవ్వు ఎవరి చెవినా పడలేదు. ఆవిడ గొంతే అంత. ఆ ఇంట్లో ఆవిడ ఏ మాటైనా రెండుసార్లు చెబితే గానీ వినపడదు. రెండోసారి చెప్పే అలవాటు ఆవిడకి లేదు.

కండక్టరుకి ఇరవై ఏళ్లుగా బస్సులో నిలబడి నిలబడి మోకాళ్లు అరిగిపోయాయి. అక్క ఉండే ఊరి డిపోలో కుర్చీలో కూచుని చేసే పని ఒకటి ఖాళీ అయింది. వస్తానని సోమవారం సంతకం పెట్టాలి. ఆ రోజు చినుకులు మొదలవడంతో అక్కా తమ్ముడూ లోపల కూచుని కాగితం మీద కొత్త ఇంటి గదులు గీశారు. మంచం ఇక్కడ, బీరువా అక్కడ.

"మరి అమ్మ కుట్టుమిషనో?" అంది కూతురు.

"అటకెక్కించేద్దాం. కొత్త ఊళ్లో మీ అమ్మనెవరెరుగుదురు? ఇకనైనా హాయిగా ఉంటుంది" అన్నాడు కండక్టరు, మంచి మాటే అంటున్నాననుకుని.

"కట్టెలు తెస్తాను" అంది భార్య. ఎవరూ తలెత్తలేదు.

పన్నెండింటికి ఆకలేసి చూస్తే పొయ్యి చల్లగా ఉంది.

అప్పుడు మొదలైంది వెతుకులాట. కాపలా పెద్దావిడ నలుగురు కట్టెలవాళ్లని వెంటబెట్టుకొచ్చింది. వాగు పొంగి హోరెత్తుతోంది. బస్సులో చివరి సీటుదాకా వినిపించే కండక్టరు గొంతు సాయంత్రానికి పీలికలైపోయింది. చీకటి పడుతుండగా పెద్దావిడ అడిగింది.

"ఆవిడ బయటికెళ్లిందెప్పుడు?"

"పదకొండుకి" అంది కూతురు.

"మీరు అరవడం మొదలెట్టింది పన్నెండుకి. ఆ గంటలో ఆవిడ నోరు విప్పి ఉంటే రేపు వినపడుతుంది. పన్నెండు దాటితే మీ అరుపులే తప్ప ఇంకేం వినపడవు."

కండక్టరు పెద్దావిడ వైపు తిరిగాడు. "అది పిలిచే మనిషి కాదమ్మా. వేలికి సూది దిగినా పంటి బిగువున లాగేసుకుంటుంది."

మూడో రోజు తెల్లారగానే మళ్లీ వెతికారు. ఏడింటికి నిన్నటి నవ్వులు తిరిగొచ్చాయి. నలుగురివీ ఒకే మోతలో. తల్లి ఇంత పగలబడి నవ్వుతుందని కూతురికి అప్పటిదాకా తెలియదు.

పదకొండుకి అందరూ ఇంటి ముందు నిలబడ్డారు. ఎవరూ దగ్గనైనా దగ్గలేదు. పదకొండుంపావు. పదకొండున్నర. ఎక్కడో ఒక పిట్ట నిన్న కూసిన కూత మళ్లీ కూసి ఊరుకుంది. కూతురు చేతి గడియారం మీంచి కళ్లు తిప్పలేదు. కండక్టరు రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

పన్నెండుకి పావు తక్కువ.

"అబ్బా" అంది అడవి, కండక్టరు భార్య గొంతుతో.

కాసేపటి తర్వాత ఆ గొంతు నింపాదిగా, బట్ట కొలుస్తున్నట్టుగా మాట్లాడింది.

"కాలు విరిగినట్టుంది. ఇప్పుడు అరిచినా ఈ హోరులో ఎవరికీ వినపడదు. రేపు వినపడుతుంది కదా, శ్రద్ధగా వినండి. దుంగ దాటాక వాగు వెంట కిందికి రెండొందల అడుగులు. మొదలు దగ్గరే రెండుగా చీలిన చెట్టుంది. దాని వెనక గొయ్యి, పైన పొదలు కప్పేశాయి. నేను అందులో ఉన్నాను. బండ కింద దూరాను, తడవను. ఊట నీళ్లున్నాయి. తాడు తెండి. కంగారులో మీరు కూడా పడేరు."

అప్పటికే అంతా పరిగెత్తుతున్నారు. కండక్టరు మోకాళ్ల సంగతే మరిచిపోయాడు. తల మీద గొంతు ఆగలేదు.

"ఎలాగూ వింటున్నారు కాబట్టి ఇంకో మాట. నేను ఆ ఊరు రాను. పదహారేళ్లు మన ఇంటి కిటికీ దగ్గర మిషను ముందు కూచుని గిరాకీలని ఒక్కొక్కళ్లనీ సంపాదించుకున్నాను. మా వీధిలో సగంమంది భుజాల కొలత టేపు పెట్టకుండా చెప్పగలను. మిషను అటకెక్కితే నేనూ ఎక్కినట్టే. మీ మోకాళ్లు నాకు తెలీక కాదు. కూచునే పని మన డిపోలోనూ ఉంటుంది. మీరు అడగరు, మొహమాటం. వదినా, నీకు కోపం రావచ్చు. వస్తే రానీ."

"నాకేం కోపం లేదే తల్లీ, నువ్వు ముందు ప్రాణాలతో ఉండు!" అంది అక్క రొప్పుతూ, ఆకాశం వైపు చూసి.

చీలిన చెట్టు ఆవిడ చెప్పిన చోటే ఉంది. తాడు పట్టుకుని కండక్టరే ముందు దిగాడు. భార్య బండకి ఆనుకుని కూచునుంది, పాలిపోయి, మట్టి కొట్టుకుపోయి. విరిగిన కాలికి రెండు కట్టెపుల్లలు ఆన్చి, రుమాలు పీలికలుగా చింపి కట్టుకుంది. ముడులు కూడా వరసగా, పొందిగ్గా ఉన్నాయి. అతను ఆ కట్టునే చూస్తూ పక్కన చతికిలబడ్డాడు.

"విన్నారా?" అంది ఆవిడ.

"విన్నాను."

"ఎంతవరకు?"

"అంతా."

ఇంతలో పన్నెండైంది. ఈసారి అడవి కండక్టరు గొంతు ఎత్తుకుంది. నిన్న ఈ గోతిలో, ఆ హోరులో ఆవిడకి ఒక్క ముక్క చేరలేదు.

"ఎక్కడున్నావే! పలకవే! నువ్వు లేకపోతే నా ఇంట్లో ఉప్పు ఎక్కడుందో కూడా నాకు తెలీదే!" తర్వాత మాటలు లేవు. ఎక్కిళ్లు. అవి చెట్లన్నిటి మీంచీ మోతగా కురిశాయి. పైన కట్టెలవాళ్లు నేల చూపులు చూశారు.

ఆవిడ చివరిదాకా విన్నది.

"అంత గట్టిగా ఏడ్చారా?"

"మెల్లిగానే ఏడ్చాను. అడవి అలా చెబుతోంది."

ఆవిడ అతని చెయ్యి పట్టుకుంది. "మరి సోమవారం సంతకం?"

"పెట్టను. మన డిపోలోనే కుర్చీ అడుగుతాను."

"మొహమాటం?"

"నా ఏడుపు ఇంత అడవీ విన్నాక ఇంకెక్కడి మొహమాటమే."

"సరే, అయితే ఇక నన్ను పైకెత్తండి" అంది ఆవిడ.

ఎత్తారు.