వెనక వాలు మీది ఎండ

గురువారం నుంచి నెరిడా క్విల్టీ కళ్లు మూసుకుంటే చాలు, రెప్పల లోపల ఒక నీలిగీత కనిపిస్తోంది. దారమంత సన్నగా, పైనుంచి కిందికి జారుతూ. కళ్లు తెరిస్తే అది పోతుంది. కానీ తెరిచిన కళ్లకు కూడా లోకం మునుపటంత గట్టిగా లేదు. చెరకు పూలు వెండిలా ఊగుతున్నాయి, మిల్లు వైపు నుంచి పాకం వాసన వస్తోంది, కోత కోసం రాత్రి కాల్చిన తోటల మసి నల్లటి మంచులా మెల్లగా రాలుతోంది. అన్నిటినీ నీళ్ల అడుగున కూర్చుని చూస్తున్నట్టే ఉంది ఆమెకు.

ఈ రోజు మంగళవారం. పచ్చిక మీద బంతులాడే బౌల్స్ క్లబ్ ముందు వ్యాన్ ఆపి, దిగకుండా అలాగే కూర్చుంది. సీటు కింద పాత తువ్వాలులో చుట్టిన కటింగ్ ప్లేయర్ ఉంది. దాన్ని పారేయలేదు, ఎవరికీ చూపించలేదు. తీసి చేతిసంచిలో వేసుకుంది. ఎందుకు వేసుకుందో తనకే తెలియదు.

లోపల ఆమెకు సన్మానం. భద్రతా శాఖ, ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ల సంఘం చేతులు కలిపి మూడేళ్లయింది. ఈ జిల్లాలో ఆ ఒప్పందం మీద సంతకం పెట్టిన ఇరవై మంది కాంట్రాక్టర్లలో, తొమ్మిదేళ్లుగా ఒక్క ప్రమాదమైనా లేని పేరు ఆమెది ఒక్కటే. కొత్త ఆసుపత్రి వైరింగు పని ఎవరికివ్వాలో తేల్చేటప్పుడు ఆ పేరే చూస్తారని సంఘం అధ్యక్షుడు బెవన్ ట్రస్కాట్ ముందే చెవిలో వేశాడు. ఆ పని దొరికితే తన దగ్గరున్న నలుగురు పనివాళ్లు గనుల వైపు వెళ్లిపోకుండా ఈ ఊళ్లోనే ఉంటారు. దొరక్కపోతే ఉండరు. నెరిడా ఐదు రోజులుగా ఇదే ఆలోచిస్తోంది. ఇదీ, ఆ నీలిగీతా.

గురువారం జరిగింది చెప్పాలంటే రెండు మాటలు చాలు. కపోక్ వీధిలో కౌన్సిల్ ఇళ్లలో మొదటిదానికి కొత్త వైర్లు లాగడానికి ఆమె ఒక్కతే వెళ్లింది. ఇంటి కప్పు మీద ఒకప్పుడు సోలార్ ప్యానెళ్లుండేవి. రెండేళ్ల కిందటి తుఫానులో అవన్నీ ఎగిరిపోయాయని కౌన్సిల్ ఇచ్చిన జాబితాలో ఉంది. వీధిలో నిలబడి చూస్తే కప్పు బోడిగానే కనిపించింది. మెయిన్ స్విచ్ ఆపి, తన పేరున్న ఎర్ర చీటీ కట్టి, అటకెక్కింది. ఆ చీటీ కట్టినవాళ్లు తప్ప ఇంకెవరూ విప్పకూడదు. అంచేత అది కట్టాక ఇల్లంతా తనదైనట్టు, తను చెప్పేదాకా నిద్రపోతున్నట్టు ఉంటుంది. ఆ నిశ్శబ్దం నెరిడాకు చాలా ఇష్టం. ఆ రోజు మబ్బు పట్టి ఉంది. అటకలో దుమ్ము, చెక్క వాసన, రేకు మీద ఏదో పిట్ట నడిచే చప్పుడు. ఎలుకలు కొరికిన పాత వైరు ఒకటి అడ్డంగా వేలాడుతోంది. కరెంటు ఉందో లేదో మీటరు పెట్టి చూశాకే ముట్టుకోవాలి. ఇరవై రెండేళ్లుగా అలాగే చేసింది. ఆ రోజు మీటరు జేబులోనే ఉండిపోయింది. పిట్ట అడుగులు వింటూ, ప్లేయర్‌తో ఆ వైరును పట్టి నొక్కింది.

సరిగ్గా అప్పుడే మబ్బు విడిపోయింది కాబోలు. నీలిమంట లేచింది. లేచింది ఆరలేదు, సాగింది. ఆమె వెనక్కి పడడంతో వైరు రెండుగా విడిపోయి అది ఆగింది. చేతికి ఏమీ కాలేదు. ప్లేయర్ నోట్లో మాత్రం బఠాణీ గింజంత ముక్క కరిగిపోయింది.

దిగి ఇంటి వెనక్కి వెళ్లి చూసింది. వెనక వాలు మీద, మామిడి ఆకుల కింద నాలుగు ప్యానెళ్లు. మెయిన్ ఆపినా, ఎండ తగిలినంతసేపూ వాటి వైర్లలో కరెంటు ఉంటుంది. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న ఈ దేశంలో ఎండ ఉత్తరం నుంచి వస్తుంది. కపోక్ వీధి ఇళ్లకు ముఖం దక్షిణానికి. ఎండ కాసే వాలు వెనకే ఉంటుందన్న మాట ఎలక్ట్రీషియన్‌కు ఒకరు చెప్పాలా? మీటరు పెట్టె మీద అంటించిన హెచ్చరిక ఎండకు తెల్లకాగితమైపోయింది. ఆమె ఆ ప్యానెళ్లను విడదీసి, వైర్ల కొసలు మూసేసి, పని ముగించింది. ఈ ఒక్క ఇల్లే జాబితాలో తప్పిపోయిందిలే అనుకుంది. భద్రతా శాఖకు పంపే నెలవారీ కాగితంలో ‘త్రుటిలో తప్పిన ప్రమాదాలు’ అన్నచోట ‘లేవు’ అని రాసి పంపేసింది.

"ఏంటే అమ్మాయ్, పెళ్లికూతురివై ఉండి బయటే కూర్చున్నావ్? లోపల నీ కోసం గుమ్మడికాయ స్కోను రొట్టెలు చల్లారిపోతున్నాయి."

వ్యాన్ అద్దం మీద తడుతున్నది ఆల్డో ముసుమెచి. వయసు అరవై ఎనిమిది. నెరిడాకు పని నేర్పింది ఆయనే. ఇప్పుడు తనకంటూ సొంత వ్యాపారం ఉన్నా ఆయన్ని ఆమె ఇంకా ‘బాస్’ అనే పిలుస్తుంది.

"వస్తున్నా బాస్. మీరేంటి, బూట్లు తుడుచుకుని వచ్చారే!"

"మా ఆవిడ తుడిచింది. నా శిష్యురాలికి సన్మాన పలక ఇస్తుంటే నా బూట్లు మెరవాలంట. పలక నీకు, పాలిష్ నాకు."

లోపల పొడుగు బల్లలు, టీ కెటిలు, గోడల నిండా ఎప్పటివో బౌలింగ్ పోటీల ఫొటోలు. బల్ల చివర భద్రతా శాఖ అధికారిణి ఎనిడ్ అహ్మత్ ఖాళీ బిస్కెట్ డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంది. ఆమె ఉత్తరాన సముద్రంలో ఉన్న ద్వీపాల మనిషి. గొంతు మెత్తన, చూపు నిదానం. సమావేశం మొదలయ్యే ముందు ప్రతిసారీ తన కలాన్ని ఆ డబ్బాలో వేసి మూత పెడుతుంది. ఈ గదిలో ఎవరు తమ తప్పు తామే చెప్పినా దానికి శిక్ష రాయనని దానర్థం. మూడేళ్లుగా మూత పెడుతూనే ఉంది. మూడేళ్లుగా ఎవరూ ఏమీ చెప్పలేదు.

"ఆ కలం సరేనమ్మా, మేజోడులో ఇంకోటి ఉందేమో చూపించు" అని వెనక బల్ల నుంచి ఎవరో అన్నారు.

"ఉంది. అది మా ఆయన మీద రాయడానికి" అంది ఎనిడ్. గదంతా నవ్వింది.

నెరిడా కూడా నవ్వింది. తన నవ్వు తనకే ఎక్కడో దూరంగా వినిపించింది.

ఆల్డో ఆమెకు టీ పోసి పక్కనే కూలబడ్డాడు. "పలక ఇచ్చాక నేనుండను, ముందే చెప్తున్నా. కపోక్ వీధిలో మిగిలిన పదకొండు ఇళ్లూ కౌన్సిల్ నాకిచ్చింది. కుర్రాళ్లిద్దరూ పొద్దున్నే వెళ్లిపోయారు. హాయి పని. కప్పులన్నీ బోడి."

నెరిడా టీ కప్పు బల్ల మీద పెట్టేసింది. కిటికీ అవతల మసి రేకులు రాలుతున్నాయి. వాటి మధ్య ఎండ. ఉదయమంతా లేని ఎండ, ఇప్పుడు పచ్చిక మీద పసుప్పచ్చగా పరుచుకుంటోంది.

"బాస్, వెనక వైపు కూడా ఓసారి చూడమనండి."

"ఎందుకే? జాబితాలో ఉందిగా, ప్యానెళ్లన్నీ పోయాయని. నీకూ అదే జాబితా ఇచ్చారుగా." ఆయన కళ్లు చిన్నవి చేసి చూశాడు. "ఏం, నీకేమన్నా తగిలిందా అక్కడ?"

ఆ చూపు ఆమెకు పదిహేడేళ్లప్పటి నుంచీ తెలుసు. ఎక్కడో ఒక స్క్రూ వదులుగా ఉంటే ఆయన అలాగే చూసేవాడు.

"లేదు. ఊరికే అన్నా" అంది నెరిడా.

"ఊరికే అనేదానివి కాదే నువ్వు" అని గొణిగి ఆయన స్కోను కొరికాడు. అంతటితో మాట ముగిసిపోయింది.

బెవన్ లేచి నిలబడ్డాడు. ఆమె గురించి ఏదో చెబుతున్నాడు. తొమ్మిదేళ్లు, ఆదర్శం, రెండు చేతులూ కలిస్తేనే చప్పుడు, ప్రభుత్వం ఒక చెయ్యి, సంఘం ఒక చెయ్యి. ఆ మాటలు నెరిడాను తాకకుండా పక్కనుంచి పోతున్నాయి. ఆమెకు పదకొండు ఇళ్లు కనిపిస్తున్నాయి. పదకొండు వీపుల మీద ఎండ కాస్తోంది. స్విచ్ ఆపేసిన ఇళ్లు, చీటీ కట్టిన ఇళ్లు, నిద్ర నటిస్తూ ఒక కన్ను తెరుచుకుని ఉన్న ఇళ్లు. అటకలో ఇద్దరు మోకాళ్ల మీద పాకుతున్నారు. ఒకడు ఈల వేస్తున్నాడు. అడ్డంగా వేలాడుతున్న వైరు కోసం చెయ్యి చాపాడు.

ఆసుపత్రి పని పోతుంది. నలుగురూ వెళ్లిపోతారు. పోనీ అనుకోవడానికి ఆమెకు మనసు రాలేదు. ఎంత తోసుకున్నా రాలేదు. మనసు రాకముందే కాళ్లు లేచి నిలబడ్డాయి.

"బెవన్, ఆగు."

"ఇంకా పిలవలేదమ్మా నిన్ను! ఆత్రం చూడండి" అని బెవన్ నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

నెరిడా సంచిలోంచి తువ్వాలు తీసి విప్పింది. ప్లేయర్‌ను బల్ల మీద పెట్టింది. కరిగిన నోరు పైకి తిరిగి ఉంది. ఆ గదిలో ఉన్నవాళ్లందరికీ అదేమిటో చెప్పనక్కర్లేదు.

"గురువారం, కపోక్ వీధి, మొదటిల్లు. మెయిన్ ఆపాను. చీటీ కట్టాను. మీటరు పెట్టకుండా వైరు కత్తిరించాను. వెనక వాలు మీద నాలుగు ప్యానెళ్లున్నాయి. జాబితా తప్పు. కాగితంలో ‘లేవు’ అని రాశాను, అదీ తప్పు. ఇందాక బాస్ అడిగితే లేదన్నాను. అది..." ఆల్డో వైపు తిరిగింది. "మిగతా ఇళ్లలో కూడా ఉండొచ్చు. ఆయన మనుషులు ఇప్పుడు అక్కడే ఉన్నారు."

ఆల్డో ఆమెవైపు చూడనేలేదు. జేబులోంచి ఫోన్ తీసి, మెరిసే బూట్ల మీద నిలబడి, లావుపాటి వేలితో నంబరు నొక్కి స్పీకర్ పెట్టాడు. ఫోన్ మోగింది. మోగి మోగి ఆగిపోయింది.

మళ్లీ చేశాడు. కెటిలు కింద స్విచ్ ఎవరో ఆపేశారు. ఫోన్ మోగుతూనే ఉంది. నెరిడా కళ్లు మూసుకోలేదు. మూసుకుంటే ఏం కనిపిస్తుందో ఆమెకు తెలుసు.

"చెప్పండి బాస్" అని గొంతు పలికింది. నోటి నిండా ఏదో నములుతోంది.

"ఎక్కడ చచ్చార్రా! పైకెక్కారా?"

"ఇంకా లేదు బాస్. మెయిన్ ఆపి, స్మోకోకి ఆగి టీ తాగుతున్నాం. పది నిమిషాలు కూడా కాలేదు, నిజం..."

"తాగండి. తాగుతూనే ఇంటి వెనక్కి నడిచి కప్పు చూడు."

నడిచే చప్పుడు. గడ్డి. కంచె తలుపు కిర్రుమంది. కుక్క మొరిగింది. ఇరవై మంది పెద్దవాళ్లు ఒక ఫోన్ చుట్టూ వంగి ఒక కుర్రాడి అడుగులు వింటున్నారు.

"బాస్."

"ఊఁ."

"ప్యానెళ్లున్నాయి బాస్. పక్కింటి మీద కూడా."

ఆల్డో ఫోన్ చెవికి ఆనించుకుని, మెల్లగా, పసిబిడ్డతో చెప్పినట్టు చెప్పాడు: "నిచ్చెన తీసేసి గేటు దగ్గర కూర్చోండి. నేనొచ్చేదాకా దేన్నీ ముట్టుకోవద్దు."

తర్వాత ఆమె వైపు తిరిగాడు. కోపంగా ఉన్నాడో, ఏడ్చేలా ఉన్నాడో తెలియలేదు.

"ఇందాక నా మొహం మీదే లేదన్నావు."

"అవును బాస్."

"ఇరవై రెండేళ్లలో నాతో నువ్వాడిన మొదటి అబద్ధం అదేనా?"

"రెండోది. ఒకసారి మీ డ్రిల్లు మిషన్ నేనే పాడు చేశా."

"అది నాకు తెలుసులే" అని ఆయన టోపీ పెట్టుకున్నాడు. "పద. ఏ వైరు ఎటు పోతుందో చూపించు. మా వెధవలకు నా కళ్లు చాలవు."

బెవన్ చేతిలో పలక ఇంకా గుడ్డ కప్పుకునే ఉంది. "నెరిడా, ఆసుపత్రి వాళ్లకు తొమ్మిదేళ్లన్న మాట మళ్లీ చెప్పలేను. నా చేతిలో లేదది" అన్నాడు. నిజంగానే బాధగా అన్నాడు.

"తెలుసు" అంది నెరిడా.

ఎనిడ్ లేచి ఆమె దగ్గరకొచ్చింది. "శిక్ష ఏదీ ఉండదు. కౌన్సిల్‌కు మాత్రం ఇప్పుడే ఫోన్ చేస్తాను, ఆ జాబితా పట్టుకుని ఇంకెవరూ అటకెక్కకుండా" అంది. ఆగి, "థాంక్స్. చెప్పినందుకు కాదు, ఇవాళే చెప్పినందుకు" అని నెరిడా మోచేతిని ఒక్కసారి పట్టుకుని వదిలేసింది.

మధ్యాహ్నానికి వాళ్లిద్దరూ రెండో ఇంటి వెనక కప్పు మీద ఉన్నారు. కింద కుర్రాళ్లు తాళ్లు పట్టుకుని నిలబడ్డారు. చెరకు తోటల మీదుగా గాలి వస్తోంది. నల్లటి టార్పాలిన్ పట్టను ఆల్డో ఒక కొసా నెరిడా ఒక కొసా పట్టుకుని, ప్యానెళ్ల మీద మెల్లగా పరిచారు. గాలి దాన్ని పడవ తెరచాపలా ఎత్తింది. వాళ్లు మళ్లీ కిందికి లాగి, అంచులు దోపి, ఎక్కడా ఒక్క వెలుగు చుక్క కూడా దూరకుండా సర్దారు. పిల్లలకు దుప్పటి కప్పినట్టుంది ఆ పని. ఎండ తెల్లగా, వెచ్చగా వాళ్ల వీపుల మీద పడుతోంది. దాన్ని పంపించేయడం ఎవరి వల్లా కాదు. కాసేపు కళ్లు కప్పగలరు, అంతే.

"నిద్రపోయిందా?" అన్నాడు ఆల్డో.

నెరిడా మీటరు మొనలు ఆనించింది. అంకెలు తగ్గుతూ, తగ్గుతూ, ఒకచోట ఆగాయి.

"సున్నా."

"ఇంకోసారి చూడు."

ఆమె ఇంకోసారి చూసింది.